ఉత్త మగ్గం చప్పుడు

మా వీధిలో ఏ ఇంట్లో నూలు ఉందో, ఏ ఇంట్లో లేదో తెలుసుకోవడానికి తలుపు తట్టనక్కర్లేదు. వీధి మొదట్లో నిలబడి చెవి పెడితే చాలు. ఎమ్మిగనూరులో మాది నేతగాళ్ళ వీధి. పొద్దు పొడిచేసరికి ఇంటికొక గుంత మగ్గం మొదలయ్యేది. అడ్డపోగును మోసుకుపోయే నాడె వెళ్ళి పెట్టెకు టక్కున తగిలేది, వెనకనే ఆ పోగును బిగించే పలక వచ్చి గుడ్డ మీద ధబ్బున పడేది. చంటిపిల్లలు ఆ చప్పుడులోనే నిద్రపోయేవాళ్ళు, అది ఆగితే లేచి ఏడ్చేవాళ్ళు.

మా నాయన ఇంకో ఆకు ఎక్కువే చదివాడు. దెబ్బ విని, నేసే మనిషి ఎవరో చెప్పేవాడు. వీధిలో నడుస్తూ నడుస్తూ ఆగి, "ఈయప్పకు ఈపొద్దు ఒళ్ళు బాగలేదు, సూడు" అనేవాడు. నిజంగానే ఆయనకు జ్వరం ఉండేది. నా సంగతి అయితే చెప్పనక్కర్లేదు. పదిహేనో ఏట నన్ను మగ్గంలో కూర్చోబెట్టినప్పటినుంచీ ఒకటే మాట.

"నాలుగు దెబ్బలు సక్కంగ పడితే ఐదోది కుంటతాది రా నీది. గుడ్డ కాదు నువ్వు నేసేది, సాళ్ళు దున్నతాండావు."

నాకు మండిపోయేది. వీధిలో అందరి కొడుకులూ మెప్పు పొందుతున్నారని, నేనొక్కణ్ణే తిట్లు తింటున్నానని అనుకునేవాణ్ణి. ఎవరి నాయనా కొడుకును మెచ్చుకునే రోజులు కావవి. ఆ సంగతి నాకు ఎవరు చెప్పాలి?

కరువును దాటి వచ్చిన కుటుంబాల కథలు నేను చాలా విన్నాను. నాయన తన ముద్ద కొడుక్కు పెట్టాడని, కొడుకు నాయనను వీపు మీద మోశాడని చెబుతారు. ఆ కథల్లో అందరూ మంచివాళ్ళే. నా పిల్లలకు నేనూ అలాంటి కథే చెప్పాను. "మీ తాత ఆదోనిలో పత్తి బేళ్ళు మోసి మమ్మల్ని బతికించినాడు" అని. అందులో అబద్ధం లేదు. ఆయన బేళ్ళు మోయవలసిన అవసరం ఎందుకు వచ్చిందో మాత్రం నేను చెప్పలేదు. వాళ్ళు అడగలేదు, నేను బతికిపోయాను. ఇప్పుడు వాళ్ళ పిల్లలు నా ఎదురుగా అదే కథను పక్కింటివాళ్ళకు చెబుతుంటే కూర్చున్నచోట కూర్చోలేకపోతున్నాను. అందుకే రాస్తున్నాను.

అది యాభైల మొదటి కాలం. అప్పటికి మాది బళ్ళారి జిల్లా. వరసగా వానలు మొహం చాటేశాయి. చేలల్లో జొన్న మోకాలెత్తు రాకుండానే మాడిపోయింది. రైతుకు పంట లేకపోతే చీర కొనేవాళ్ళు ఉండరు, చీర అమ్ముడుపోకపోతే మాకు నూలు ఇచ్చేవాళ్ళు ఉండరు. ఒకటొకటిగా మగ్గాలు ఆగిపోయాయి. మా ఇంట్లో పడుగు అయిపోయిన రోజు నాయన ఆఖరి చీర కోసి మడిచి, చాలాసేపు గుంతలోనే కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు.

మాలో ఒక అలవాటు ఉండేది. బయటివాళ్ళకు అది తెలియదు. నూలు లేకపోయినా పొద్దున్నే ఒక గంట మగ్గంలో కూర్చుని ఉత్తగా కొట్టేవాళ్ళు. పడుగు లేదు గనక పలక తగలడానికి ఏమీ ఉండదు. అందుకని గుడ్డ ఉండేచోట ఒక గోనెపట్టాను బిగించి కట్టేవాళ్ళు. అడిగితే మగ్గాన్ని పాడుబెట్టకూడదనీ, తొక్కుడు చెక్కలు బిగుసుకుపోతాయనీ చెప్పేవాళ్ళు. అసలు సంగతి అది కాదు. మా ఇంట్లో పని ఉంది, పొయ్యి వెలుగుతోంది అని నలుగురికీ వినిపించడం.

ఉత్త మగ్గం చప్పుడు వేరు. గుడ్డ మీద పడే దెబ్బ నిండుగా ఉంటుంది, గోనె మీద పడేది డొల్లగా ఉంటుంది. మా వీధిలో పుట్టినవాళ్ళకు ఆ తేడా తెలియకపోవడమనేది లేదు. అయినా ఎవ్వరూ పైకి అనరు. ఫలానా ఇంట్లో ఉత్తది కొడుతున్నారని అనడమంటే ఆ ఇంటి ఆడమనిషి చీరకున్న చిరుగును వేలుపెట్టి చూపించడమే. అందరూ అందరివీ వింటారు, అందరూ తమకు చెవులు లేనట్టే ఉంటారు. ఆ ఏడు ఒక దశలో వీధి మొత్తం ఉత్త మగ్గాలే ఆడాయి. పొద్దున ఆ గంటసేపు వింటే కరువు వచ్చినట్టే ఉండేది కాదు.

మేము ఇంట్లో నలుగురం. నాయన, అమ్మ, నేను, నా చెల్లెలు. నాకు పదిహేడు నిండాయి, దానికి ఏడు. పడుగుకు గంజి పెట్టడానికి దాచుకున్న జొన్నపిండిని అమ్మ పలచగా కాచి నెల రోజులు నెట్టుకొచ్చింది. తర్వాత చింతగింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి ఉడికించింది. అవి అరగక నాకు కడుపులో మెలితిప్పేది. నాయన తనకు ఆకలి లేదనేవాడు. ఆకలి లేని మనిషి దవడలు అంత లోపలికి పోవని తెలిసినా, ఆయన ముంత నా వైపు జరిపితే నేను కాదనేవాణ్ణి కాదు.

అప్పుడే ఊళ్ళో గంజి కేంద్రం పెట్టారు. చీటీ ఉన్న ఇంటికి రోజూ మనిషికింత గంజి. కూలివాళ్ళు, చేలు ఎండిన రైతులు మొదటిరోజునుంచే వెళ్ళారు. మా వీధివాళ్ళు వెళ్ళలేదు. నేసి తినేవాళ్ళం, చేయి చాచేవాళ్ళం కామని పట్టుదల. మొట్టమొదట వెళ్ళింది మా పక్కింటి పెద్దాయన. వరసకు పెదనాయన అవుతాడు. ఆయన చంకలో గిన్నె పెట్టుకుని, పైన తువ్వాలు కప్పి, గోడవార నడిచి వెళ్ళేవాడు.

వీధి మొగన నేనూ నా ఈడువాళ్ళు ఇద్దరూ పని లేక కూర్చునేవాళ్ళం. ఒకరోజు ఆయన అట్లా వెళుతుంటే నేనే అన్నాను.

"సూడండ్రా, పెదనాయన పిల్లోణ్ణి ఎత్తుకొని పోతాండాడు. పాలకు ఏడుస్తాండాడేమో."

వాళ్ళిద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఆయనకు వినపడింది. నడక ఒక్క క్షణం తడబడింది, తల తిప్పలేదు. మర్నాటినుంచి అది వీధి కుర్రకారు మాటయిపోయింది. ఎవరు గిన్నెతో కనపడ్డా, "పిల్లోనికి పాలు తాపను పోతాండారా అన్నా?" అనేవాళ్ళు. నా తెలివికి నేనే మురిసిపోయాను. కడుపులో చింతగింజలు తిప్పుతుండగా ఇంకొకరి ఆకలిని చూసి నవ్వినవాణ్ణి నేను.

ఒక మధ్యాహ్నం చెల్లెలు రాట్నం పక్కన పడుకుంది. అమ్మ పిలిస్తే పలకలేదు. కదిపితే కళ్ళు తెరిచింది గానీ మళ్ళీ మూసుకుంది. నాయన దాన్ని ఎత్తుకుని గుమ్మంలో గాలికి కూర్చుని, ముఖం మీద నీళ్ళు చల్లి, సాయంత్రం వరకూ ఒడిలోనుంచి దించలేదు. అది లేచి నీళ్ళు తాగాక కూడా దించలేదు. ఆ పొద్దు ఆయన ముఖం చూస్తే నాకు భయమేసింది.

మర్నాడు ఆయన పొద్దున్నే మగ్గంలో కూర్చోలేదు. మూడు నెలల్లో అదే మొదటిసారి. రుమాలు చుట్టుకుని, నన్ను దగ్గరికి పిలిచి చెప్పాడు.

"గంజి లెక్కల ఆయప్ప ఈపొద్దు మన వీదికి వస్తాండాడంట. గంజి కేంద్రం కాడనే నిలబడి పిల్చుకొని వస్తా. మగ్గం ఆడతాండే ఇంటికి సీటీ ఇయ్యరంట. నువ్వు మగ్గం ముట్టుకోగాకు. ఇన్యావా?"

"ఇన్యా" అన్నాను.

"ముట్టుకోగాకు" అని మళ్ళీ అన్నాడు. చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండా, "సిగ్గుపడి ఏంజేస్తాంలేప్పా, పిల్లముండ ఉండాది గదా ఇంట్లో" అన్నాడు. ఆ మాట ఆయన తనకు తాను చెప్పుకున్నాడేమో.

అమ్మ బలుసాకు కోసుకురావడానికి బయటికి వెళ్ళింది. చెల్లెలు పెరట్లో కూర్చుని సత్తుగిన్నెను బూడిదతో తోముతోంది. గంజికి పోవాలంటే గిన్నె మెరుస్తుండాలని దానికి ఎవరు చెప్పారో. ముందురోజు లేవలేకపోయిన పిల్ల తోమి తోమి, ఎండకు పట్టి చూసి, మళ్ళీ తోముతోంది.

ఎండ ఎక్కాక వీధి చివర అలికిడయింది. తలుపు సందులోంచి చూశాను. లెక్కల గుమస్తా, ఆయన వెనక చిట్టా మోసే తలారి, వాళ్ళ పక్కన మా నాయన, పెదనాయన. వాళ్ళ వెనక పని లేని జనం పదిపదిహేను మంది. అందులో నా స్నేహితులిద్దరూ ఉన్నారు. ఒకడు రెండో వాడి చెవిలో ఏదో అని, మా ఇంటివైపు చూసి నవ్వాడు. ఏమన్నాడో నాకు వినిపించనక్కర్లేదు. ఆ మాట పుట్టించినవాణ్ణి నేనే.

నాయన గొంతు వినపడింది. నేను ఎప్పుడూ వినని గొంతు అది, సన్నగా, బతిమాలుతూ.

"మా ఇంట్లో పోగు నూలు ల్యాదు సామీ. మూణ్ణెల్లాయ మగ్గం నిలిసి. సిన్నబిడ్డ ఉండాది."

రేపటినుంచి మా నాయన చంకలో గిన్నెతో గోడవార నడుస్తాడు. మొగన కూర్చున్నవాళ్ళు నా మాటే ఆయన మీద వేస్తారు. నేను ఏ ముఖం పెట్టుకుని తిరగాలి? చెల్లెలు గుర్తుకు రాలేదా అంటే వచ్చింది. పెరట్లో గిన్నె రుద్దుతున్న చప్పుడు వింటూనే ఉన్నాను. తెలియక చేశానని, పిల్లతనమని, క్షణికావేశమని నాకు నేను చాలా పేర్లు చెప్పుకున్నాను. అవేవీ కావు. నేను తలుపు దగ్గరనుంచి మగ్గం దాకా నడిచాను. గుంతలోకి కాళ్ళు దించాను. కుడిచేత్తో తాడు అందుకున్నాను. అన్నీ తెలిసే చేశాను.

తొక్కాను, లాగాను, కొట్టాను.

గోనెపట్టా మీద దెబ్బ డొల్లగా మోగింది. వీధిలో మాటలు ఆగిపోయాయి. నేను ఆపలేదు. ఆ వీధిలో నేను అంత ఒడుపుగా ఎప్పుడూ నేయలేదు.

గుమస్తా మా వైపు మనిషి కాదు. ఎక్కడో దిగువ జిల్లాలనుంచి వచ్చినవాడు. ఆయనకు మగ్గం అంటే మగ్గమే, చప్పుడు అంటే చప్పుడే.

"అదేమిటయ్యా, లోపల మగ్గం ఆడుతూనే ఉందిగా?"

ఎవరూ మాట్లాడలేదు. అంతమంది నేతగాళ్ళు నిలబడి ఉన్నారు. అది డొల్ల దెబ్బ అని అక్కడున్న ప్రతి చెవికీ తెలుసు. మూడు నెలలుగా వాళ్ళూ అదే కొడుతున్నారు. ఒక్కరు నోరు విప్పి, సామీ అది ఉత్త మగ్గం, లోపల పడుగు లేదు, తలుపు తోసి చూడండి అంటే సరిపోయేది. మాలో ఎవరూ ఎవరి ఇంటిముందూ అనని మాట అది. ఏ మర్యాద కోసం మేము మగ్గాలు కొట్టామో ఆ మర్యాదే వాళ్ళ నోళ్ళు కట్టేసింది. మోసపోయింది ఒక్క గుమస్తా. ఆయన ఒక్కడూ మోసపోకుండా ఉండి ఉంటే మా ఇంటికి గంజి వచ్చేది.

ఆఖరికి పెదనాయన నోరు తెరిచాడు. "సామీ, అది..." అన్నాడు.

తలుపు సందు నా ఎదురుగానే ఉంది. నాయన చేయి ఎత్తి ఆయన భుజం మీద వేయడం నాకు కనపడింది. పెదనాయన ఆగిపోయాడు. నాయన గుమస్తా వైపు తిరిగాడు.

"తప్పాయ సామీ. అబద్దం సెప్పినా" అన్నాడు.

"నీలాంటివాళ్ళకు పోస్తే నిజంగా లేనివాళ్ళకు ఏం మిగులుతుందయ్యా? వయసొచ్చింది, సిగ్గుండక్కర్లా?" అని గుమస్తా చిట్టాలో గీత గీశాడు. ఆయన తప్పేమీ లేదు. తనకు వినపడినదాన్ని ఆయన నమ్మాడు.

నాయన తల వంచుకుని నిలబడ్డాడు. తలుపు తోసి చూపించవచ్చు. అట్లా చూపిస్తే చెల్లెలి నోటి దగ్గర కూడును కాలదన్నినవాడు ఎవడో వీధి మొత్తం చూసేది. నేను ఈ ఊళ్ళో తలెత్తుకుని తిరగగలిగేవాణ్ణి కాదు. అది తప్పించడానికి ఆయన తన తల వంచాడు. ఆ రోజు వరకూ ఆ మనిషి బతుకులో ఎవరూ ఆయనను అబద్ధాలకోరు అనలేదు.

జనం పక్కింటికి, ఆ పైన ఇంకో ఇంటికి కదిలిపోయారు. నేను కొడుతూనే ఉన్నాను. ఆపితే తెలిసిపోతుందని భయం. చెమట కళ్ళలోకి కారుతోంది, కొడుతూనే ఉన్నాను. తలుపు తెరుచుకుంది. నాయన వచ్చి గడప మీద కూర్చుని చెప్పులు విడిచాడు. నా వైపు చూడలేదు.

"ఇంక సాల్లేరా. పోయినారు" అన్నాడు.

అంతే. తిట్టలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని ఆ తర్వాత వందసార్లు అనుకున్నాను.

అమ్మ ఆకు తీసుకుని వచ్చి, "ఏమన్న్యారు?" అని అడిగింది. నాయన, "పేర్లు అయిపోయినాయంట. మళ్ళా వస్తే సూస్తామన్న్యారు" అన్నాడు. అమ్మ గుమస్తాను నోరారా తిట్టింది. నేను పక్కనే ఉండి విన్నాను. అమ్మ చనిపోయేవరకూ ఆమెకు నిజం తెలియదు. చెల్లెలు తోమిన గిన్నెను గూట్లో బోర్లించింది. "రేపు పోదామా నాయనా?" అని నాలుగైదు రోజులు అడిగి, తర్వాత అడగడం మానేసింది.

మర్నాడు మధ్యాహ్నం పెదనాయన మా గుమ్మంలోకి వచ్చాడు. చంకలో గిన్నె, పైన తువ్వాలు. ఆయనకూ ఆయన ముసలామెకూ కలిపి వచ్చే గంజి అది. నేను ఎదురుపడ్డాను. ఆయన తువ్వాలు తీసి గిన్నె నా చేతుల్లో పెట్టాడు.

"పట్టుకోప్పా పిల్లోణ్ణి. జాగర్త, కాలతాండాడు" అన్నాడు.

ఎగతాళిగా అన్నాడో, మామూలుగా అన్నాడో ఆయన ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది. సగం చెల్లెలికి పోశాం. మిగిలినదాంట్లో నా వంతు నేను తాగాను. సిగ్గు లేకుండా, గిన్నె అంచు నాకి మరీ తాగాను.

అట్లా ఎన్నాళ్ళు ఒకరి గంజి తాగుతాం? పది రోజుల్లో నాయన నిర్ణయం చేశాడు. అమ్మనూ చెల్లెలినీ ఆలూరు దగ్గర మేనమామ ఊరికి పంపాడు. అక్కడ తిండి ఉండి కాదు, ఊరి బావిలో ఇంకా నీళ్ళున్నాయని. మేమిద్దరం ఆదోనికి నడిచాం. నడిచినంతసేపూ ఆయన ముందు, నేను వెనక. దోవలో ఆయన నాతో మాట్లాడిన మాట ఒక్కటే, "కాలు నొప్పి పుడతాందా?" అని. లేదన్నాను.

ఆదోనిలో దూది మిల్లుల దగ్గర హమాలీ పని దొరికింది. మేస్త్రీ మమ్మల్ని ఎగాదిగా చూశాడు. నేతగాడి ఒళ్ళు చూస్తే తెలిసిపోతుంది. పగలంతా గుంతలో కూర్చునే కాళ్ళు, ఎండ తగలని వీపు.

"బేళ్ళు ఎత్తల్ల. అయితాదా మీతో? ఈ పిల్లోడు గట్టిగుండాడు, వీడు ఎత్తనీ. నువ్వు లోపల పత్తి ఏరుపో" అన్నాడు మేస్త్రీ నాయనతో.

నాయన రుమాలు తీసి భుజం మీద వేసుకున్నాడు. "వాడు వద్దన్నా. వాని సేతులు మగ్గానికి కావల్ల. బరువు నాకెత్తు" అన్నాడు.

నేను ఏమన్నా అన్నానా? లేదు. నేను మోస్తాలే నాయనా అనే మాట నాలుక చివరిదాకా వచ్చిందని రాసుకోవచ్చు, చదివేవాళ్ళకు ఓదార్పుగా ఉంటుంది. రాలేదు. బేళ్ళను చూసి భయపడ్డాను. ఆయన నాకు బదులుగా ముందుకు వెళితే లోపల ఊపిరి పీల్చుకున్నాను. నా చేతులే కదా ఆ రోజు ఇంటికి గంజి లేకుండా చేసినవి, ఆ చేతుల్నే ఆయన కాపాడుతున్నాడని నాకు అప్పుడే తెలుసు. తెలిసీ వెళ్ళి నీడలో పత్తి ఏరుతూ కూర్చున్నాను.

నలభై ఏళ్ళు దాటిన మనిషి, రెండు నెలలకు పైగా చింతగింజలు తిన్న ఒంటితో బేళ్ళు మోశాడు. మొదటి వారం సాయంత్రాలు భుజం మీద చర్మం రుమాలుకు అంటుకుని ఊడి వచ్చేది. నేను నీళ్ళు తడిపి తీసేవాణ్ణి. ఆయన పళ్ళు బిగించి, "నిదానంగా తియ్యప్పా" అనేవాడు. జొన్నరొట్టె, పచ్చికారం కడుపుకు దొరికాయి. అమ్మావాళ్ళకు ఎవరో ఒకరి చేత జొన్నలు పంపగలిగాం. చెల్లెలి ఒంటికి కాస్త కండ పట్టిందని కబురు వచ్చిన రోజు ఆయన మిల్లు గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకోవడం చూశాను.

నాలుగో నెలలో బండికి వాల్చిన చెక్క మీద ఎక్కుతుండగా ఆయన కాలు జారింది. బేలు కుడి భుజం మీద పడింది. నేను లోపలినుంచి పరుగెత్తుకొచ్చేసరికి నలుగురు దాన్ని పక్కకు దొర్లించారు. కట్టు కట్టే ఆయన పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. ఎముక అతుక్కుంది గానీ చేయి ఛాతీ ఎత్తుకు మించి లేవలేదు. కట్టు విప్పిన రోజు నాయన ఎవరూ చూడటం లేదనుకుని, మగ్గం తాడు లాగినట్టు గాలిలో చేయి ఒకసారి లాగి చూసుకున్నాడు. సగంలో ఆగిపోయింది. నేను చూశానని ఆయనకు తెలియదు.

ఆ పై ఏడు వానలు పడ్డాయి. నూలు వచ్చింది. అందరం ఎమ్మిగనూరుకు తిరిగి వచ్చాం. గోనెపట్టా విప్పి కొత్త పడుగు ఎక్కించాం. నేను మగ్గంలో కూర్చున్నాను. నాయన రాట్నం ముందు కూర్చుని ఎడమచేత్తో నాడెలో పెట్టే దారపు కండెలు చుట్టడం నేర్చుకున్నాడు. మా వీధిలో కండెలు చుట్టేది ఆడవాళ్ళు, పిల్లలు. మా దెబ్బల్లో జ్వరాలు కనిపెట్టిన మనిషి అక్కడ కూర్చుని దారం తెంపుకుంటుంటే వీధి మళ్ళీ తన మర్యాద పాటించింది. చూసి చూడనట్టు వెళ్ళిపోయేవాళ్ళు. ఆయన మాత్రం నా తప్పులు పట్టడం మానలేదు. "కుంటింది" అనేవాడు రాట్నం ఆపకుండానే. ఆ మాటే నాకు ఊరటగా ఉండేది. ఇంకా నన్ను కొడుకు కింద లెక్కవేస్తున్నాడన్నమాట.

అట్లా ఒక ఏడాది గడిచాక, ఒక ఉదయం, నాయనా నేనూ ఇద్దరమే ఇంట్లో ఉన్నాం. ఐదో దెబ్బ కుంటింది. ఆయన అంటాడని ఎదురుచూస్తూ ఆగాను. ఆయన రాట్నం ఆపాడు.

"ఆపొద్దు బాగ కొట్టినావు రా" అన్నాడు.

"ఏ పొద్దు నాయనా?" అన్నాను. నాకు తెలుసు.

"లెక్కల ఆయప్ప వచ్చినపొద్దు. వీదిలో నిలబడి ఇన్యా. పడుగు ల్యాదు, పేక ల్యాదు, ఒక్క దెబ్బ గూడా తప్పలా. కుంటలా."

నేను ఆయన ముఖంలోకి చూశాను. వెటకారం కోసం వెతికాను. అది దొరికితే ఎంత తేలికయ్యేది. లేదు. పని తెలిసిన మనిషి ఇంకొకరి పనిని మెచ్చుకునేటప్పుడు ఉండే ముఖం అది. బతుకంతా నేను కోరుకున్న ముఖం.

"ఉత్త మగ్గం గదా నాయనా. ఎవురైనా కొడతారు" అన్నాను ఎట్లాగో.

"ల్యాదప్పా" అన్నాడు. "ఉత్త మగ్గం కొట్టేదే కష్టం. నాకు తెల్దా?"

ఎడమచేత్తో కండె అందించాడు. అందుకుని నాడెలో పెట్టుకున్నాను. తప్పయింది అనే మాట ఆ రోజు కూడా చెప్పలేదు.